బండి కాగితం మీద పేరు

ఎష్, లక్సెంబర్గ్
2 జూలై 2024, మంగళవారం

చెల్లెలు దెల్ఫీనాకు అక్క హెర్మీనియా దీవించి రాయునది.

ఇక్కడ మేమందరం లేచి తిరుగుతున్నాం, నా ఎడమ మోకాలు తప్ప. అక్కడ నువ్వూ, నీ కొడుకు జెఫెరీనూ, నీ కోళ్ళూ, ఆ కుంటి మేకా సుఖంగా ఉన్నారని తలుస్తాను. మేక ఈపాటికి పోయి ఉంటే నా సానుభూతి. నీ నోటి నుంచి కబురు విని పదకొండో నెల నడుస్తోంది, మేక సంగతి నాకెలా తెలుస్తుంది?

ఫోను చేస్తే ఎత్తవు. ఉత్తరం మాత్రం చింపే ముందు చదువుతావు. పెళ్ళికి ముందు మా అల్బీను నాకు రాసిన మొదటి ఉత్తరాన్ని కూడా నాకంటే ముందు చదివింది నువ్వే. ఆ గుణం పోయి ఉండదన్న ధైర్యంతో రాస్తున్నాను. ఓపిక చేసుకుని చివరిదాకా చదువు. దేన్నైనా మధ్యలో వదిలేయడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

సంగతేమిటంటే, కారు కొన్నాం.

ఈ మాట పోయినేడు కూడా చెప్పామని నువ్వు మూతి తిప్పుతావని తెలుసు. పోయినేడు చెప్పింది అబద్ధం. ఇది నిజం. తొమ్మిదేళ్ళ పాత బండి, బూడిద రంగు. ఇంతకుముందు ఒక నర్సు నడిపిందట. ఆమె కుక్క వెంట్రుకలు వెనక సీటుకి ఇంకా అంటుకునే ఉన్నాయి. అల్లుడు అదేరితు దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "అత్తయ్యా, దీన్ని వేసుకుని ఊళ్ళో దిగితే, ఇరవయ్యేళ్ళు అక్కడ ఏం పీకావురా అని అడుగుతారు" అన్నాడు. ఏం పీకావో చెప్పు నాయనా, నేనూ వింటాను అన్నాను. మా అమ్మాయి గ్రాసియెత్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది. అది నవ్వి చాలా రోజులైంది.

పాపం అతన్ని ఎందుకనాలి? ఇరవయ్యేళ్ళుగా వంగి ఇతరుల స్నానాల గదుల్లో పలకలు పరుస్తున్నాడు. ఆగస్టు వచ్చిందంటే పోర్చుగల్ రావడానికి ఎవరి వ్యానులోనో మిగిలిన సీటు కోసం బతిమాలుకునేవాళ్ళం. లేదంటే బస్సు. ఒళ్ళో కాఫీ పొట్లాలు, కాళ్ళ కింద చాక్లెట్ డబ్బాలు. పక్కింటివాళ్ళు లక్సెంబర్గ్ పసుపుపచ్చ నెంబరు ప్లేటుతో కొత్త కారులో చర్చి ముందు దిగుతుంటే, మేం బస్సు దిగి పెట్టె లాక్కుంటూ వాళ్ళ పక్క నుంచి వెళ్ళేవాళ్ళం. అందుకే పోయినేటికి ముందు ఏడు చివర్లో అతను షోరూముకి వెళ్ళాడు.

బ్యాంకు అప్పు ఇవ్వనంది. అతన్ని పనికి పంపేది ఒక ఏజెన్సీ. ఒప్పందం వారం వారం రాస్తారు. వారం తరవాత ఉద్యోగం ఉంటుందో లేదో తెలియనివాడికి అయిదేళ్ళ అప్పేమిటని బ్యాంకు బాధ. న్యాయమే. షోరూము కుర్రవాడు మాత్రం బ్యాంకుకంటే దయగలవాడు. దయగలవాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలని ఎన్నిసార్లు చెప్పినా ఈ ఇంట్లో వినరు. నెలనెలా అద్దె కట్టండి, నాలుగేళ్ళ తరవాత చివరి మొత్తం కట్టి సొంతం చేసుకోండి అన్నాడు. అంతదాకా బండి కాగితం మీద కంపెనీ పేరే ఉంటుందని కూడా చెప్పాడు, తలుపు దగ్గర, చెయ్యి కలుపుతూ.

ఒప్పందం పధ్నాలుగు పేజీల ఫ్రెంచి. ఈ ఇంట్లో పదో తరగతి దాటి చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాను. తొమ్మిదో షరతు దగ్గర ఆగి అదేరితును కూర్చోబెట్టాను. ఈ బండిని అతనూ గ్రాసియెత్తూ తప్ప మూడోవాడు ముట్టకూడదని రాసి ఉంది. బళ్ళో ఎక్కాలు చెప్పించినట్టు మూడుసార్లు అతని చేత చెప్పించాను. "మూడోవాడు ముట్టకూడదు, అర్థమైందత్తయ్యా, నేనేం రెండో తరగతి కాదు" అని విసుక్కున్నాడు.

ఆ తరవాతిది నీకూ తెలుసు, ఊరికీ తెలుసు. మరియమాత పండుగకి ముందురోజు. జెఫెరీను ఆ కారులో చర్చి చౌకు దగ్గర ఉన్నాడు. పోలీసు గార్డు ఆపాడు. నేను అక్కడ లేను, కానీ ఊళ్ళో ఎంతమంది ఎన్ని రకాలుగా చెప్పారంటే ఉన్నట్టే లెక్క. బండి ఎవరిదన్నాడట గార్డు. మా పెద్దమ్మ అల్లుడిదన్నాడట మనవాడు. కాగితంలో వేరే పేరుందేమిటని, ఆ కంపెనీ పేరుని ప్రార్థన చదివినట్టు గట్టిగా చదివాడట. సరే, నువ్వెక్కడ ఉంటావు అన్నాడట. "ఇక్కడే, పుట్టినప్పటి నుంచీ" అని మనవాడు గర్వంగా చెప్పాడట. "అదే తప్పు" అన్నాడట గార్డు.

ఎవరికి తెలుసు తల్లీ, ఊళ్ళో కాపురముండేవాడు పరదేశపు నెంబరున్న బండి నడిపితే నేరమని? బండి తాళం పరాయివాడి చేతిలో పెట్టి కూడా పక్క వీధిదాకా దింపి రమ్మనే ఊరు మనది. బండిని పట్టుకుపోయి సుంకంవాళ్ళ ఆవరణలో పెట్టారు. కంపెనీ తొమ్మిదో షరతు చూపించి ఒప్పందం రద్దు చేసింది. కట్టింది పోయింది, జరిమానా పడింది, చెడ్డపేరు అదేరితుకు దక్కింది. ముప్పై గంటలు బస్సులో వెనక్కి వచ్చాం. దారి పొడుగునా అతను ఒక్కటే మాట అన్నాడు, అదీ స్పెయిన్‌లో బుర్గోస్ దాటాక. "కారు తాళం వంటింటి మేకుకే తగిలించాను అత్తయ్యా, నాకు బాగా గుర్తు." నేను రొట్టె విరిచి అతనికి సగం ఇచ్చాను.

ఆ రోజు నీ వంటింట్లో, పదిమంది ముందు, నీ కొడుకు దొంగచాటుగా తాళం తీశాడని నేను అన్నాను. నువ్వు గరిటె కింద పెట్టి, నా గుమ్మం తొక్కకు అన్నావు. జెఫెరీను గోడకి ఆనుకుని తన బూట్లు చూసుకున్నాడు. మాట్లాడని వాళ్ళని ఈ లోకం ఎప్పుడూ దోషులనే అనుకుంటుంది. ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, నాకా సంగతి తెలియదా?

బడి బస్సు నడిపే ఉద్యోగం వాడికి రాలేదని గ్రాసియెత్ ఫోనులో చూసి చెప్పింది. పరాయి బండి తాళం తీసినవాడి చేతిలో పిల్లల్ని ఎలా పెడతామని అన్నారట. నా బడి మూసేశారు కాబట్టే ఆ బస్సు పుట్టింది. తొమ్మిదిమందే పిల్లలున్నారని బడి మూసేసి, ఇప్పుడు ఆ తొమ్మిదిమందిని పద్దెనిమిది కిలోమీటర్లు తిప్పుతున్నారు. ఈ సెప్టెంబరులో ఆ ఉద్యోగం మళ్ళీ ఖాళీ అవుతుందటగా. దాని సంగతి తరవాత.

ఇక ఈ కారు సంగతి. అదేరితు పేరు మీద ఇక ఎవరూ అప్పివ్వరు. గ్రాసియెత్ సగం రోజు పనిచేస్తుంది, సగం మనిషికి అప్పులేదట. మిగిలింది నేను. రెండు దేశాల నుంచి రెండు చిన్న పింఛన్లు, ఒకటి పాఠం చెప్పినందుకు, ఒకటి నేల తుడిచినందుకు. నేనే బ్యాంకుకి వెళ్ళాను. ఎనిమిదేళ్ళు నేను తుడిచిన బ్యాంకే అది. ఆ గదిలో కూర్చున్న పిల్లకి తన కుర్చీ కింద ఏముంటుందో తెలియదు గానీ నాకు తెలుసు. నమిలిన జిగురు.

మంచి పిల్లే. "కారు ఎవరు నడుపుతారు అమ్మగారూ?" అంది. మా అల్లుడు. "మీకు లైసెన్సు?" లేదు. "మరి మీ పేరు మీదెందుకు?" అతని పేరు మీద మీరు ఇవ్వనన్నారు కదమ్మా. కాసేపు తెర వంక చూసి, డెబ్బై అయిదు నిండేలోగా అప్పు తీరిపోవాలి, కాబట్టి రెండేళ్ళకి మించి ఇవ్వలేం అంది. నాకింకా రెండేళ్ళే ఉన్నాయని బ్యాంకు తేల్చేసింది చూశావా? మా డాక్టరు కూడా ఇంత నిక్కచ్చిగా ఎప్పుడూ చెప్పలేదు. రెండేళ్ళలో తీరే అప్పుకి ఎంత బండి వస్తుందో అంత బండే వచ్చింది. కుక్క వెంట్రుకలతో సహా.

సంతకం పెట్టి బయటికి వస్తే వాన. బస్‌స్టాపు బెంచీ మీద కూర్చున్నాను. ఒక బస్సు వచ్చి పోయింది, ఇంకోటి వచ్చి పోయింది. లేవాలనిపించలేదు. దుఃఖమేమీ కాదు, ఊరికే అలసట. ఇరవయ్యేళ్ళుగా ఇక్కడివాళ్ళకి మేం పోర్చుగల్ వాళ్ళం. అక్కడ మీకు మేం "అవెక్"లం. మాట మధ్యలో నాలుగు ఫ్రెంచి ముక్కలు దొర్లుతాయని మీరు పెట్టిన పేరు. బడిపంతులమ్మని కాబట్టి వ్యాకరణం చెప్తాను విను. అవెక్ అంటే "తో". తో అన్నాక పక్కన ఒక పేరుండాలి. మాకు ఏ పేరూ తగిలించకుండా ఉత్త "తో" అని వదిలేశారు మీరు. కాఫీ కొట్టు బల్లల దగ్గర మొదట ఆ మాట అన్నది బల్బీనాయే. నేను ఊరు వదిలినప్పుడు, పంతులమ్మ చదువు సంచీలో పెట్టుకుని బకెట్టు పట్టడానికి పోతోందని అన్నదీ ఆవిడే. ఆవిడ ఇంకా అదే కుర్చీలో కూర్చుంటోందా?

వారం తరవాత బండి కాగితం వచ్చింది. నాలుగు మాటల నా పేరు, హెర్మీనియా ద కొన్సైసావ్ మొర్గాదు తైషైరా, ఒక్క వరుసలో పట్టింది. అదేరితు దాన్ని చదివి, "ఇక గార్డు ఎంత గట్టిగా చదివినా ఫరవాలేదు అత్తయ్యా" అన్నాడు. అతని గొంతులో వెటకారం ఉందేమోనని చూశాను. లేదు. ఉంటేనే బాగుండేది.

పలకలవాళ్ళ సెలవులు జూలై ఆఖరి శుక్రవారం మొదలవుతాయి. ఆ సాయంత్రమే బయల్దేరతాం. ఆదివారానికి ఊళ్ళో ఉంటాం. మన పాత ఇంటి కప్పు కారుతోందని తెలుసు. ఎక్కడో ఒకచోట పడుకుంటాం. నీకు ఎర్ర డబ్బా కాఫీ తెస్తున్నాను. తాగకపోతే కోళ్ళకి పోసెయ్యి.

ఆరోగ్యం చూసుకో. మందులు మింగు, దాచకు.

నీ అక్క,
హెర్మీనియా

తా.క. కవరులో ఇంకో కాగితం ఉంది. అది ఆ బస్సు ఉద్యోగం ఇచ్చే పంచాయతీ అధ్యక్షుడికి. అంటించలేదు, ఎలాగూ నువ్వు ముందు చదువుతావు. అందులో ఉన్నది ఇదే: తాళం జెఫెరీను తీయలేదు. నేనే ఇచ్చాను.

వాడు అడగను కూడా లేదు. పెరట్లో నీకు కట్టెలు కొడుతున్నాడు. నేను మేకు మీది తాళం తీసి వాడి చేతిలో పెట్టి, చౌకు దగ్గర ఐసు కొనుక్కురా అన్నాను. ఇంట్లో ఐసు ఉంది. "నేను నడపొచ్చా పెద్దమ్మా, బావ ఏమీ అనడు కదా?" అన్నాడు. మీ దేశపు చట్టం నాకు తెలియదు, నిజమే. తొమ్మిదో షరతు మాత్రం నాకు కంఠతా వచ్చు. ఏమీ కాదు పోరా అన్నాను. అద్దాలు దించి నెమ్మదిగా వెళ్ళు, కాఫీ కొట్టు ముందు నుంచి తిప్పు, ఎవరిదని బల్బీనా అడిగితే హెర్మీనియా పంతులమ్మ వాళ్ళదని చెప్పు అన్నాను. బల్బీనా తల వంచుకుని చీట్లాడుతోందేమో, ఒక్కసారికి చూడదేమో అని, రెండు చుట్లు తిప్పమన్నాను. గార్డు ఆపింది రెండో చుట్టులో.

అదేరితుకు కారు పిచ్చి అని ఇరవయ్యేళ్ళు వెక్కిరించాను. అతనికి రాత్రే చెప్పాను. పళ్ళెం కడిగి బోర్లించాడు. తరవాత, "మరి ఆవిడ చూసిందా?" అని అడిగాడు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

ఆ కాగితం జెఫెరీను చేత పంపకు. నువ్వే తీసుకెళ్ళి, అందరూ ఉన్నప్పుడు చదివించు. నేను అన్నదీ అందరూ ఉన్నప్పుడే కదా. బల్బీనా వింటే విననీ.

ఈ బండిని కూడా వాడు నడపకూడదు, చట్టం మారలేదు. కానీ ముందు సీట్లో కూర్చోవచ్చు, అడిగి తెలుసుకున్నాను. పండుగనాడు చర్చికి వాడు ముందు కూర్చుంటాడు, నేను వెనక, ఆ కుక్క వెంట్రుకల్లో. నీకూ చోటుంది. రానంటే, తలుపు తీయనంటే, నిన్ను తప్పుపట్టను. నీ గుమ్మం తొక్కను. నీ ఇంటి ముందు బండి ఆపించి అందులోనే కూర్చుంటాను. నాకిప్పుడు ఎక్కడ కూర్చున్నా ఒకటే. సీటు ఎలాగూ నా పేరు మీదే ఉంది.