ఒరీసియా గాజింటి తలుపు

సస్కాచెవాన్, కెనడా, మే నెలాఖరు, సోమవారం

మరిది మైరాన్‌కు,

వదిన ఒరీసియా రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. నువ్వూ బాగానే ఉండుంటావు, నీలాంటివాళ్లకి ఏమవుతుంది?

మీ అన్న దనీలో తాను పోయేముందు పాత కిటికీలన్నీ ఏరుకొచ్చి కట్టిన గాజింట్లో టమాటా నారు వేశాను. బయట ఈ గాలికి గడ్డి తప్ప ఇంకేదీ నిలవదని నీకూ తెలుసు. ఈసారి కాపు రాకపోతే పొలం అమ్మేసి టౌన్లో వృద్ధాశ్రమానికి పోతానని మా అమ్మాయి లారిసాకి మాటిచ్చాను. ఆ పిల్ల నా ప్రాణం తోడేస్తోంది.

నిన్న పొద్దున మంచు పడింది. కాసేపటికే ఎండ మండిపోయింది. గాజింటి తలుపు బార్లా తెరిచి చర్చికి వెళ్లాను. వచ్చేసరికి తలుపు మూసి గడియ పడి ఉంది. లోపల మొక్కలు ఉడకబెట్టిన క్యాబేజీ ఆకుల్లా వాలిపోయాయి.

గాలి లేస్తే పక్కవాడు అడక్కుండా వచ్చి తలుపులు మూసిపోవడం ఈ మైదానంలో మర్యాదే. కానీ నువ్వు మర్యాదకి వచ్చే రకం కాదు. నేనెప్పుడు పోతానా, నా పొలం ఎప్పుడు కలుపుకుందామా అని చూస్తున్నావు. నువ్వు నీ పొలంలో ఉన్నంతకాలం నేను కదలనని మీ అన్న అంత్యక్రియల నాడే చెప్పాను. మళ్లీ చెబుతున్నాను.

ఇట్లు,
కదలని ఒరీసియా

తా.క. ఫోను చేయకు. నీ గొంతు వింటే నాకు రక్తపోటు లేస్తుంది.

జూన్

వదినకు మైరాన్ నమస్కారాలు,

ఉత్తరం అందింది. చదువుతుంటే నీ అరుపులన్నీ వినిపించాయి, ఫోను ఖర్చు తప్పింది.

తలుపు మూసినవాడికి దణ్ణం పెట్టాలిగానీ తిడతారా? గాలివేళ తలుపు తెరిచిన గాజిల్లు గొడుగులాంటిది, లేచిపోతుంది. ఎవరు మూసినా నీ మంచికే మూశారు. నా గోధుమ బాగానే లేచింది. నేను కదులుతానని మాత్రం ఆశ పెట్టుకోకు.

ఇట్లు,
అంతకంటే కదలని మైరాన్

తా.క. టమాటాలు ఎర్రబడితే ఒకటి నాకు పెట్టు. పుచ్చిపోతే లారిసాకి పెట్టు.

జూలై

మైరాన్‌కు,

మర్యాదలు అయిపోయాయి గనక నేరుగా విషయానికి వస్తాను. మళ్లీ మూశావు. అడ్డంగా నీళ్ల బకెట్టు పెడితే దాన్నీ తన్నేసి మూశావు. చీకటి పడితే చాలు, నీ వాకిట్లో దీపం వెలుగుతూనే ఉంటుంది. అంటే నిద్ర కూడా మానుకుని కాపు కాస్తున్నావన్నమాట. సగం మొక్కలు పోయాయి. మిగతావాటికి గోలీలంత కాయలున్నాయి. నేను ఈ ఇంట్లో ఉండాలా పోవాలా అన్నది ఇక ఆ కాయల చేతిలోనే ఉంది.

అందుకని ఇవాళ ఆ తలుపే ఊడబీకేశాను. ఇప్పుడేం మూస్తావో చూస్తాను.

ఇట్లు,
ఒరీసియా

తా.క. తలుపు కోసం వెతక్కు. నా మంచం కింద ఉంది, మంచం మీద నేనున్నాను.

ఆగస్టు

వదినా,

తలుపు పెట్టు. ఈ ఉత్తరం చేతిలో పట్టుకునే వెళ్లి పెట్టు. పడమటి నుంచి పెద్ద గాలి వస్తోందని టీవీలో చెబుతున్నారు. నా మీద కోపం మా అన్న కట్టినదాని మీద తీర్చుకోకు. ఇక నీ వాకిట్లో అడుగు పెట్టను, నీ తలుపు ముట్టుకోను. మా అమ్మ మీద ఒట్టు.

ఇట్లు,
మైరాన్

తా.క. ఈ మధ్య నా సూపులో ఉప్పే పడటం లేదు. ఆకలి చచ్చిపోయింది.

సెప్టెంబరు

మైరాన్‌కు,

ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు. నీ గది తలుపు కింద నుంచి తోస్తున్నాను.

నీ ఉత్తరం, ఆ గాలి ఒకే రోజు వచ్చాయి. నేను కవరు చింపుతుండగానే గాజిల్లు లేచి నీ గోధుమ చేలో పడింది. ఒక్క కాయ కూడా మిగల్లేదు. మాట ప్రకారం పొలం అమ్మేశాను. నీకు దక్కకూడదని తక్కువకే ఏదో పెద్ద కంపెనీకి ఇచ్చేశాను.

మొన్న ఈ వృద్ధాశ్రమంలో దిగితే నర్సమ్మ ఎదురొచ్చి, "మీ మైరాన్ గారు ఏప్రిల్ నుంచీ ఇక్కడే ఉన్నారుగా, తుంటి విరిగిందని. పాపం, ఎవరికో ఉత్తరాలు రాస్తూ కూర్చుంటారు" అంది. నీ పొలం కౌలుకిచ్చావట. నీకొచ్చే ఉత్తరాలు కౌలుదారు తెచ్చిస్తాడట. వాకిట్లో దీపం చీకటి పడగానే దానంతటదే వెలుగుతుందట.

అంటే నా తలుపు మూసింది గాలి. "నేను కాదు వదినా, నేనక్కడ లేను" అని ఒక్క ముక్క రాసుంటే నా తలుపు దాని చోట అది ఉండేది, నా ఇంట్లో నేనుండేదాన్ని. అలా రాస్తే నువ్వు ముందు కదిలినట్టు తెలిసిపోతుంది. అందుకని చెయ్యని తప్పు ఒప్పుకున్నావుగానీ, ఓడిపోయానని ఒప్పుకోలేదు.

నీ మీద మంటతోనే పొద్దున్నే లేచేదాన్ని మైరాన్. ఆ మంటే లేకపోతే దనీలో పోయిన ఏడాదే నేనూ పోయేదాన్ని. వేసవంతా ఖాళీ ఇంటి మీద పగతో బతికానని తలుచుకుంటే ఏడుపొస్తోంది.

ఇట్లు,
నీ పక్కగది ఒరీసియా

తా.క. ఇంటిపేరు ఒకటే కదా అని భోజనాల గదిలో మనిద్దరికీ ఒకే బల్ల కేటాయించారు. మొగుడూ పెళ్లాలమనుకుంటున్నారు. కాదని చెప్పబోయి ఊరుకున్నాను. నువ్వు నా మరిదివని చెప్పుకోవడం అంతకంటే సిగ్గనిపించింది.