అత్తగారు కడిగి పంపిన ఆకు

అత్తయ్యగారికి అల్లుడు నమస్కరించి రాయునది.

మేమిద్దరం కులాసా. మీ పెరటిగోడ మీది తీగ పుండ్లు మాన్పుతుందని మీరంటే అప్పట్లో నవ్వి ఊరుకున్నాను. మీరు పంపిన ఆకును స్పిరిట్‌లో నానబెట్టి, అందులోని పదార్థాలను వేరుచేసి చూశాను. ఇక్కడ ప్లేట్లలో క్రిములు పెంచుతాం. వాటి మధ్య ఈ సారం చుక్క వేస్తే, చుట్టూ గుండ్రంగా ఒక్క క్రిమీ మిగల్లేదు. ఇంకోసారి చేసి చూపించమన్నారు మా పెద్దసారు. చూపించలేకపోతే ల్యాబులో నా బల్ల వేరేవాళ్లకి ఇస్తారట. ఇంకో మూట పంపగలరు.

మీ అల్లుడు

తా.క.: ఆకు నీడలోనే ఆరాలి.

చిరంజీవి అల్లుడుగారికి మీ అత్త దీవించి రాయునది.

ఆకు పంపుతున్నాను. కంచాల్లో క్రిములు పెరుగుతున్నాయని చదివి మా కంచాలు కూడా ఇంకోసారి తోముకున్నాను. మీరు మర్యాదస్థులు కనక 'పెంచుతాం' అని మీ మీద వేసుకున్నారు. అంట్లు తోమడం రాని పిల్లని మీకు అంటగట్టానన్న మాట నాకొద్దు. అమ్మాయికి విడిగా చీవాట్లు రాశాను.

మీ మేలు కోరే అత్త

తా.క.: మూటలో కొత్త స్టీలు కంచాలు పెట్టాను. మీది మీరే కడుక్కోండి.

అత్తయ్యగారికి నమస్కారం.

ఆ ప్లేట్లు అన్నం తినేవి కావు, ల్యాబులో ఉండే అరచేతంత గాజు పళ్లేలు. ముందే రాయకపోవడం నా పొరపాటు. మీ అమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది. అంతకన్నా పెద్ద చిక్కు, కొత్త ఆకులో పస లేదు. చుక్క వేసిన చోటే క్రిములు తీరిగ్గా కాపురం పెట్టాయి. పెద్దసారు వచ్చి నా బల్లని టేపుతో కొలుచుకుని వెళ్లారు. ఇది ఆ తీగ ఆకేనా?

మీ అల్లుడు

తా.క.: కంచాలు బాగున్నాయి. ఆమె వంటింట్లో తింటోంది, నేను వరండాలో.

అల్లుడుగారికి ఆశీస్సులు.

ముమ్మాటికీ ఆ తీగ ఆకే. మొదటిసారి మీ మామగారు దుమ్మూ బూజూ చూడకుండా కోసినవి కోసినట్టే మూటగట్టేశారు. మీ ల్యాబులో నా పరువేం కావాలి? అందుకని ఈసారి ఒక్కో ఆకునీ సబ్బునీళ్లతో రుద్ది, మరిగే నీళ్లలో ముంచి, గుడ్డతో తుడిచి మరీ ఆరబెట్టాను. ఇక లోపం నా వైపు లేదు.

మీ అత్త

తా.క.: మీ క్రిములకే ఏదో అయ్యుంటుంది. వాటిని మార్చి చూడండి.

అత్తయ్యగారికి అనేక నమస్కారాలు.

మీ ఉత్తరం నన్ను ఒడ్డున పడేసింది. మొదటి మూటలో మిగిలిన గుప్పెడు ఆకుల్ని వట్టి నీళ్లతో కడిగి చూశాను. కడిగిన ఆకులో పస లేదు, కడిగిన నీళ్లలో ఉంది. ఆకు వెనక బతికే బూడిదరంగు బూజే క్రిముల్ని చంపుతోంది. తీగకి ఊరికే పేరొచ్చింది. బల్ల నాకే ఉంచారు. మీ అమ్మాయి కూడా మీ ఉత్తరం చదివి, నవ్వాపుకోలేక నాతో మాట్లాడేసింది. ఇంతవరకూ ఎవరూ చూడని బూజు కనక దానికి పేరు పెట్టాలి. దొరికింది మీ ఇంట్లో కాబట్టి మీ పేరే పెడదామంటున్నారు పెద్దసారు.

మీ అల్లుడు

తా.క.: ఈసారి ఆకు దయచేసి కడగొద్దు.

అల్లుడుగారికి,

కడగని ఆకు పంపుతున్నాను. కోసింది, కట్టింది మీ మామగారే, నేను అటు చూడలేదు. అమ్మాయిని అనవసరంగా అన్నాను, ఆ మాట దానికి మీరే చెప్పండి. ఇన్నేళ్లు ఇల్లు అద్దంలా ఉంచుకున్నదాని పేరు బూజుకి పెడతారా? మీ మామగారి పేరు పెట్టండి. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు.

మీ అత్త

తా.క.: ఒప్పుకున్న దగ్గర్నుంచీ ఇల్లు దులపనివ్వడం లేదు. చీపురెత్తితే చాలు, మా వాళ్లని ఏం చేస్తావని అడ్డం నిలబడుతున్నారు.