తలుపు కింది కన్నాలు

మే 4

మనవరాలికి ఉద్యోగం వచ్చింది. ఊరి చివర ఆఫీసు. బస్సు అంతదూరం పోదు. కొత్త కారు ఇప్పుడే వద్దంది. తాతలిద్దరి దగ్గరా చెరో పాత కారు మూలపడి ఉంది కదా, ఏది బాగుంటే అది తీసుకుంటానంది.

నాదే తీసుకుంటుంది. క్లచ్ ఎప్పుడు వదలాలో దానికి నేర్పింది నేను. లారీ నడిపిన చెయ్యి నాది. మా వియ్యంకుడు టైలరు. ఆయనేం నేర్పాడు. కుట్టుమిషను తొక్కడం నేర్పి ఉంటాడు.

మే 5

మనవరాలు రెండు కార్లూ చూసింది. రెంటికీ ముందు తలుపుల అడుగున తుప్పు. వేలితో నొక్కితే పెచ్చు ఊడి వచ్చింది. తలుపులు బాగు చెయ్యండి, జూన్ మొదట్లో వచ్చి చూస్తానంది. నాతో అన్న మాటే ఆయనతోనూ అందట. షెడ్డుకెందుకు, ఇంట్లో నేనే చేసుకుంటానని ఆయన అన్నాడట.

నేనూ ఇంట్లోనే చేస్తానన్నాను. ఆయన అన్నాడని కాదు.

మే 8

ఒక్క పూటలో పని అయిపోయింది. వైరు బ్రష్ ఉంది గానీ గీక్కుంటూ కూర్చునే ఓపిక ఎవరికి. గుడ్డతో దుమ్ము తుడిచి రంగు డబ్బా తెరిచాను. భోజనం వేళకి రెండు తలుపులూ కొత్తవైపోయాయి.

మధ్యలో వియ్యంకుడు వచ్చాడు. టీ తాగుతూ వంగి చూశాడు. అప్పుడే అయిపోవచ్చిందా బావగారూ అన్నాడు. నా చెయ్యి అంతే అన్నాను. బాగుంది అనేసి వెళ్లిపోయాడు. మొహం మాడింది.

మే 12

మా ఆవిడ వాళ్లింటికి వెళ్లొచ్చింది. వచ్చినప్పటినుంచీ ఒకటే పాట. అన్నయ్యగారు తుప్పు చుట్టూ సుద్దతో గీత గీశారట, చొక్కాకి గీసినట్టు. గరుకు కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దారట. థిన్నరుతో తుడిచారట. మిగతా తలుపు మీద రంగు పడకుండా కాగితం కప్పి టేపు అంటించారట, అంచు ఎక్కడా వంకర పోలేదట. మీరెందుకు అలా చెయ్యలేదంది.

నేను దర్జీని కాను అన్నాను. తెలుసు, అందుకేగా మీ పాంటు ఆయన దగ్గర వదులు చేయిస్తున్నాను అంది.

మే 13

గరుకు కాగితం చూసి కూడా మనిషికి కుళ్లు పుడుతుంది.

మే 16

ఉండబట్టలేక వెళ్లాను. ప్రైమరు పల్చగా వేసి, ఆరనిచ్చి, సన్న కాగితంతో రుద్ది, మళ్లీ వేశాడట. ఇవాళ రంగు. చిన్న చిన్న గిన్నెల్లో కలుపుకుని, గుడ్డకి దారం కుదురుతుందా లేదా అని చూసినట్టు ఒక్కోటీ ఎండలో పట్టి చూశాడు. వేశాక పాత రంగు ఎక్కడ ఆగిందో, కొత్త రంగు ఎక్కడ మొదలైందో నా కంటికి దొరకలేదు.

వంకలు వెతుకుదామని తలుపు అడుగుకి వంగాను. దొరికింది.

తలుపు అడుగున వరసగా చిన్న కన్నాలుంటాయి. అద్దం సందులోంచి లోపలికి దిగిన వాన నీళ్లు వాటిలోంచే బయటికి పోవాలి. ఈ మనిషి వాటన్నిటినీ పుట్టీతో పూడ్చేశాడు. నున్నగా, తడిమినా తెలియకుండా. కన్నం కనబడితే కుట్టకుండా ఊరుకోలేని చేతులు మరి. లారీ రోజుల్లో నేను వాన వెలవగానే సైకిల్ చువ్వ తీసుకుని ముందు ఆ కన్నాలు పొడిచేవాణ్ణి. టీ ఆ తర్వాతే.

చెబుదామని నోరు తెరిచాను. అప్పుడే మా అమ్మాయి, ఆయన కోడలు, టీ తెచ్చింది. మామయ్యగారి పని చూశావా నాన్నా, నువ్వూ ఉన్నావు అంది. నేను కన్న కూతురు.

టీ తాగాను. బాగుంది అనేసి వచ్చేశాను.

మే 27

నా తలుపు మీద రంగు పొంగింది. గోటితో గీకితే కింద ఎర్రటి పొడి. మా ఆవిడ వచ్చి చూసి, ఇదేంటండీ మీ కారుకి చెమటకాయలు వచ్చాయి, పౌడరు వెయ్యనా అంది. నవ్వు రాలేదు.

జూన్ 2

ఆయన కారు తీసుకుంది.

తాళం ఆయన చేతిలోంచి అందుకుంది. నా దగ్గరికొచ్చి, కారే ఆయనది, డ్రైవింగ్ మొత్తం నీదే తాతయ్యా అంది. చిన్నపిల్లాడికి పిప్పరమెంటు బిళ్ల చేతిలో పెట్టినట్టు. మంచిదమ్మా అన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నాడు, తుడవడానికి ఏమీ లేకపోయినా.

వాన పడనీ అనుకున్నాను. ఇలాంటివి రాయకూడదు. రాశాను.

జూన్ 11

వాన.

జూన్ 14

నన్ను షికారు తిప్పుతానని ఎక్కించుకుంది. బాగా నడుపుతోంది. గేరు మారినట్టే తెలియలేదు. బ్రేకు నొక్కితే మాత్రం తలుపులో గళగళమని చప్పుడు. ఏదో బాటిల్ దొర్లుతోంది తాతయ్యా, నాలుగు రోజులుగా వెతుకుతున్నా దొరకడం లేదంది. పక్కకి ఆపి సీట్ల కింద వెతికింది. నేనూ వంగి వెతికినట్టు నటించాను. ఈ వయసులో.

కాళ్ల కింద పట్టా తడిసి ముద్దయింది. ఆఫీసుకి వేసుకెళ్లే బూట్లు తడిసి వాసనొస్తున్నాయట. నలుగురూ ఏమనుకుంటారోనని బల్ల కింద కాళ్లు దాచుకుని కూర్చుంటోందట. నవ్వుతూనే చెప్పింది.

తలుపులో నిలిచిన ఆ వాన నీళ్లు దాన్ని లోపలినుంచి తింటాయి. ఒకనాటికి అడుగంతా ఊడి ఎవరి చేతికో వస్తుంది. ఆయన పరువు నలుగురిలో పోతుంది. దీని కోసమే కదా కాచుకుని కూర్చున్నాను. సంతోషం రాదేం.

ఆ తలుపు పక్కన కూర్చునేది ఆయన కాదు.

జూన్ 15, మధ్యాహ్నం

ఆదివారం. వాళ్లింట్లో అందరూ కునుకు తీస్తుంటారని తెలుసు. చువ్వ పట్టుకుని వెళ్లాను. కారు ప్రహరీ గోడ పక్కన ఉంది. ఇవతలి తలుపు కన్నాలు పొడిచాను. పుట్టీ పెళ్లలు రాలాయి. టీ రంగు నీళ్లు ధారకట్టాయి. నా పంచె తడిసింది.

అవతలి తలుపు గోడకి ఆనించినట్టుగా ఉంది. చెయ్యి కూడా దూరదు. కారు జరపాలి. జరపాలంటే తాళం అడగాలి. తాళం అడిగితే ఎందుకో చెప్పాలి.

సగం పని చాలనుకున్నాను. గేటు దాకా వెళ్లాను కూడా. వెనక్కి వచ్చి తలుపు కొట్టాను.

జూన్ 15, సాయంత్రం

బనియనుతో వచ్చాడు. నేల మీద నీళ్లు చూశాడు, నా చేతిలో చువ్వ చూశాడు. ఏం చేశాడో చెప్పాను. గట్టిగా చెబుదామనుకున్నాను, మెల్లగా వచ్చింది. కన్నం అలా వదిలేస్తే పని సగంలో లేచిపోయినట్టు అనిపించింది బావగారూ అన్నాడు.

కారు ముందుకి జరిపాడు. రెండో తలుపూ పొడిచాను. నీళ్లు కారుతుంటే ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. అప్పుడు అడిగాడు, మీరు ఎప్పుడు గమనించారు అని.

ఇవాళే అనొచ్చు. ఎవరు చూడొచ్చారు. కానీ సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూస్తాడే, అలా చూస్తున్నాడు. మీరు రంగు వేసిన రోజే అన్నాను.

అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. నేల వైపు చూస్తూ, మీరు తుప్పు మీదే రంగు పూస్తున్నారని నేనూ ఆ రోజే చూశాను బావగారూ అన్నాడు. పొంగుతుందని తెలుసట. అందుకే బాగుంది అన్నాడట.

ఇన్నాళ్లూ ఈ కుళ్లు నా ఒక్కడిదే అనుకున్నాను.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. మా అమ్మాయి నిద్ర లేచి వచ్చి ఏమైంది నాన్నా అంది. చప్పుడు చెయ్యకు, నీళ్లు కారుతున్నాయి అన్నాను.

రేపొచ్చి మీ తలుపు గీకిపెడతానన్నాడు. అక్కర్లేదన్నాను. సుద్దముక్క ఒకటి పంపమన్నాను.

జూన్ 19

వాన. ఆఫీసుకి పోతూ మనవరాలు మా ఇంటి ముందు ఆగింది. పక్క సీట్లో ఆయన. దిగాడు. గొడుగు తేలేదు. ఇవతలి తలుపు కన్నాల కింద ఆయన చెయ్యి పెట్టాడు. అవతలి తలుపు కింద నేను పెట్టాను. పడుతోందా అన్నాడు. పడుతోంది అన్నాను. పిల్ల హారన్ కొడుతోంది.