నర్మద కోరుకున్న ఇల్లు

లక్సెట్టిపేట,
12 ఆగస్టు 1962

ప్రియమైన అక్కా,

గోదావరిలో బట్టలు పిండుతుంటే నీ ఉత్తరం కాళ్ళకు తగిలింది. తడిసినా ఒక్క అక్షరం చెదరలేదు. పలక మీద నేను నేర్పిన వంకర 'క' చూసి నీదేనని నమ్మాను. నువ్వు పోయి నలభై రోజులు. జవాబు నీళ్ళలోనే వదలమన్నావు, వదులుతున్నాను.

నాయనమ్మ ఉన్న చోటికి పోవచ్చు, లేదా మళ్ళీ పుట్టవచ్చు, ఇల్లు నువ్వే కోరుకోవచ్చు అని రాశావు. మన ఇంట్లోనే పుడితే అన్నీ గుర్తుంటాయి, వేరే ఇంట్లో అయితే అన్నీ మరిచిపోతావు. పెత్రమాస అమావాస్యలోపు చెప్పాలి. వదినకు దసరాకు కాన్పు గనుక, ఆ బిడ్డగా రానా అని అడిగావు.

రావద్దు.

మనల్ని కన్న అవ్వ ఇప్పటికీ నీకు ముద్ద తీసి పెట్టాకే మాకు వడ్డిస్తుంది. మొన్న నాకు జ్వరం వస్తే పక్కన కూర్చుని, "నర్మదా, జర పాలు తాగు బిడ్డా" అంది. నేను నర్మదను కానని చెప్పలేదు. తాగాను. పదిహేనేళ్ళలో నా నుదుటి మీద అవ్వ చెయ్యి అంతసేపు ఉండటం అదే మొదటిసారి, అదీ నీ పేరు మీద. నువ్వుండగానే నీతో గెలవలేకపోయాను, లేనిదానితో ఎట్లా గెలిచేది? నాయనమ్మ దగ్గరికి పో.

నీ చెల్లె,
బాలలక్ష్మి

---

అవతలి ఒడ్డు

ప్రియమైన చెల్లెకు,

ఇక్కడ పడవ దిగగానే ఒక రేకుల పందిరి ఉంది. బుచ్చవ్వ అని ఒక ముసలమ్మ వచ్చినవాళ్ళందరినీ "యాడికి పోతవ్ బిడ్డా?" అని అడుగుతుంది. నీ జవాబు వచ్చేదాకా నేను "ఇంకా తెల్వదు" అంటూ వచ్చాను.

నీకు నా మీద కుళ్ళా? అయితే నా కుళ్ళు కూడా విను. ఆయాసమని అవ్వ నన్ను గడప దాటనివ్వలేదు. బాపు మగ్గం పక్కన కూర్చుని నేను నూలు కండెలు చుడుతుంటే, నువ్వు సంచి వేసుకుని బడికి పోయేదానివి. వానలో తడిసి, నవ్వుకుంటూ వచ్చేదానివి. "అది మొండిది, దానికేం గాదు" అనేది అవ్వ. ఆ మాట నన్ను ఎప్పుడంటుందా అని పదిహేడేళ్ళు ఎదురుచూశాను.

నీ భూగోళం పుస్తకాన్ని ఎలుకలు కొట్టలేదు. నేనే పొయ్యిలో వేశాను. పుస్తకం పాడుచేశావని నీకు దెబ్బలు పడుతుంటే తలుపు చాటున నిలబడి సంతోషపడ్డాను.

నువ్వు వద్దన్నావు గనుకే మన ఇంటికే వస్తాను.

నీ అక్క,
నర్మద

---

లక్సెట్టిపేట,
20 సెప్టెంబరు 1962

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చించి పారేశాను. ఆ కోపంలోనే అవ్వతో, "అక్క మళ్ళ మన ఇంట్లనే పుడుతదట" అని చెప్పేశాను. నీకెట్లా తెలుసని కూడా అవ్వ అడగలేదు. ఆ రోజే కిటికీకి చెక్కలు కొట్టించింది. వదినను బావి దగ్గరికి పోనివ్వడం లేదు. "ఈసారి దాన్ని వాకిట్లకు గూడ రానియ్య. నా కండ్ల ముందే ఉంచుకుంట" అంటుంది. వదిన నా చెయ్యి పట్టుకుని, "బాలలక్ష్మీ, నాకే ఊపిరాడుతలేదే" అని ఏడ్చింది.

ఇన్నాళ్ళూ నేను కుళ్ళుకున్నది దీనికా?

మొన్న అన్న చీరలమ్మడానికి బెల్లంపల్లి పోతుంటే వెంట వెళ్ళాను. బొగ్గు బావిలో పనిచేసే పోశం ఇల్లు చూశాను. నలుగురు పిల్లలు వానలో నల్లటి బురద తొక్కుకుంటూ ఉరుకుతున్నారు. వాళ్ళమ్మ సమ్మవ్వకు మళ్ళీ నెలలు నిండాయి. "ఎవరు తిన్నరో ఎవరు తినలేదో నాకే తెల్వదు, ఇగో, గీ కడుపుల ఉన్నది ఐదోది" అని నవ్వింది.

మన ఇంటికి రావద్దు అక్కా. ఈసారి నా కోసం చెప్పడం లేదు. సమ్మవ్వ ఇంటికి పో. నన్ను మరిచిపోతావు, అయినా పో. ఇది రాస్తుంటే, నువ్వు దక్కబోయే ఆ సమ్మవ్వ మీద కూడా నాకు కుళ్ళు పుడుతోంది.

నీ చెల్లె,
బాలలక్ష్మి

---

అవతలి ఒడ్డు

ప్రియమైన చెల్లె,

తొందరగా రాస్తున్నాను. బెల్లంపల్లి అని చెప్పాను. "గా ఇంట్ల నిన్ను సూసెటోళ్ళు లేరు బిడ్డా" అంది బుచ్చవ్వ. "గదే గావాలె" అన్నాను.

చెప్పిన క్షణం నుంచే మరుపు మొదలైంది. ముందు బాపు మగ్గం చప్పుడు పోయింది. తర్వాత మన వీధి. ఇప్పుడు అవ్వ ముఖం ఎంత తలుచుకున్నా రావడం లేదు, ఏడుపు కూడా రావడం లేదు.

నీ మీద కుళ్ళు ఒక్కటే ఇంకా పోలేదు. అదుంది గనుకే నువ్వు గుర్తున్నావు. దాన్ని వదలకుండా పట్టుకుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. అవ్వకు ఇప్పుడు కూతురివి నువ్వొక్కదానివే. ముద్ద ముందు నీకే పెట్టమని అడుగు, సిగ్గుపడకు.

కింద నా పేరు రాయాలి కదా. ఏమిటో అందడం లేదు. నువ్వే రాసుకో.

నీ అక్క