పరుపెక్కిన రాయి

బావగారికి నమస్కారం.

సొరంగం పైకప్పు గట్టిదో కాదో తేల్చడానికి, గొట్టపు డ్రిల్లుతో కప్పుని తొలిచి రాతి కడ్డీ తీస్తున్నాను కదా. మూడుసార్లు తీశాను, మూడుసార్లూ లిఫ్టు కుదుపులకి ముక్కలైపోయింది. పగుళ్లు కప్పులోవో, దారిలో పడ్డవో ఇంజనీరు చెప్పలేకపోతున్నాడు. మీ స్టోర్సు నుంచి ఒక దూది పరుపు పంపండి. సంగతి తేలేదాకా నా తొమ్మిదిమంది పనివాళ్లని ఆ కప్పు కిందకి పంపను.

మీ మరదలు, డ్రిల్లింగు మేస్త్రీ


చిరంజీవి మరదలికి ఆశీస్సులు.

డ్యూటీలో పడుకోవడానికి పరుపులివ్వరమ్మా. నడుంనొప్పి అయితే డాక్టరు చీటీ జతచెయ్యి.

బావ, స్టోర్సు ఆఫీసరు

తా.క. "అది చిన్నప్పట్నుంచీ నిద్రమొహమే" అంటోంది మీ అక్క.


బావగారూ, నమస్కారం.

పరుపు నాకు కాదు మహానుభావా, రాయికి! చుట్టి తెస్తే విరక్కుండా వస్తుంది. నమ్మకపోతే ముక్కలు పంపుతున్నాను, కళ్లారా చూడండి.

మరదలు

తా.క. నేను కంటినిండా నిద్రపోయి నాలుగు రోజులైందని అక్కకి చెప్పండి.


మరదలికి ఆశీస్సులు.

ముక్కలు అందాయి. చూసి జాలేసింది. మా గుమాస్తా పొద్దంతా కూర్చుని బంకతో అతికించి, పగుళ్లు కనపడకుండా రాతిపొడి అద్ది, ఇంజనీరుకి పంపేశాడు. కప్పు భేషుగ్గా ఉందని ఆయన రాసిచ్చాడు. సోమవారం పని మొదలుపెట్టించు.

బావ

తా.క. థాంక్స్ ఎందుకులే, ఇంటివాళ్లం.


ఆఫీసరుగారికి,

మొదలుపెట్టించను! అతుకుల రాయిని నమ్మి నా మనుషుల ప్రాణాలు పణంగా పెట్టను. ఉద్యోగం తీసేస్తారా, తీసేయండి. సోమవారం లిఫ్టు గుమ్మంలో అడ్డంగా కూర్చుంటా, నన్ను దాటి ఎవరు దిగుతారో చూస్తా. ఈలోగా రేపు ఇంకో కడ్డీ తీసి, గొట్టంతో సహా పరుపులో చుట్టి, ఒళ్లో పెట్టుకుని పైకి తెస్తాను.

మేస్త్రీ

తా.క. మీ మంచం మీద పరుపు కోసం వెతక్కండి. అక్క నాకిచ్చేసింది.


మరదలికి,

రాయి కప్పులో ఎలా ఉందో అలాగే, కదలకుండా వచ్చింది. ఇంజనీరు నోరు వెళ్లబెట్టాడు. మధ్యలో వేలు పట్టేంత పగులు, నిండా తడిమట్టి. లిఫ్టులో పడ్డది కాదు, కప్పులోదే. సొరంగం మూసేశారు. నీ తొమ్మిదిమందీ బతికిపోయారు. తప్పు నాది, సిగ్గుపడుతూ రాస్తున్నాను.

పగులు ఎక్కడిదాకా పోయిందో కూడా కొలిచారు. తిన్నగా పైకొచ్చి మా ఆఫీసు కింద ఆగింది. నా కుర్చీ కిందే.

బావ

తా.క. అందరం మునివేళ్ల మీద నడుస్తున్నాం, తుమ్మొచ్చినా ఆపుకుంటున్నాం. ఖాళీ చెయ్యమని పైనుంచి ఆర్డరు ఇంకా రాలేదు. ఆర్డరు లేకుండా లేచి బయటికొచ్చేయాలంటే ఎలాగమ్మా? కాస్త చెప్పు.