మెయిన్ స్విచ్

సెప్టెంబరు 4
పొద్దుటి నుంచి ఉక్క. ఉదయగిరి దుర్గం కొండ మీద మబ్బు కదలడం లేదు. నెల్లూరు ఇంజనీరుకు ఇళ్ళ ప్లాన్లు గీసి పంపాను. ఆ సాఫ్ట్‌వేర్ మా ఇంటి కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా నడవదు. ఆ సంగతి నా భర్త శ్రీకాంత్‌కు బాగా తెలుసు. మీ అన్న దగ్గరికి ఆత్మకూరు పోతే పో, ఆ కంప్యూటర్ డబ్బా మాత్రం గడప దాటదు, ఏం గీసుకోని తింటావో చూస్తా అన్నాడు. చెంప వాపు ఇంకా తగ్గలేదు.

సెప్టెంబరు 6, మధ్యాహ్నం
శ్రీకాంత్ లారీ లోడు తీసుకుని పోయాడు. ఆత్మకూరు నుంచి కూడా ఈ కంప్యూటర్ నడిపేలా రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేశాను. బయటి నుంచి ఇంటి లైనులోకి రావడానికి వీపీఎన్ పెట్టాను. దానంతటది ఆగిపోకుండా స్లీప్ తీసేశాను. కరెంటు పోయి వస్తే తానే స్టార్ట్ అయ్యేలా చేశాను. మానిటర్ ఆపి, వీధి చివరికి పోయి ఫోన్‌లో చూశాను. ఇంట్లో స్క్రీన్ నా చేతిలో కనిపించింది.

సెప్టెంబరు 7
ఉరుము. అత్త ఇంటి మెయిన్ స్విచ్ తీసేసింది. ఫోన్‌లో స్క్రీన్ నల్లబడింది. పిడుగుకు టీవీ కాలినప్పటి నుంచి ఆమెకిది అలవాటు. ఉరిమినా తీస్తుంది, ఊరికి పోయినా తీస్తుంది. ఆత్మకూరులో కూర్చుని నేను ఆ మెయిన్ ఎత్తలేను. ఆమెకు చెప్పక తప్పదు.

సెప్టెంబరు 8
చెప్పాను. అత్త చెంచమ్మ చింతపండు గింజలు తీస్తూనే విన్నది. ఆడ కూర్చోని ఈడ గీస్తావా, ఏం మంత్రం మే అది అన్నది. వాడికి తెలిస్తే ఇద్దర్నీ చంపుతాడన్నది. చివరికి, ఉరిమితే మాత్రం తీస్తా, మళ్ళా వేస్తాలే అన్నది.

సెప్టెంబరు 10
తొలి బస్సుకు పాప అశ్వితతో ఆత్మకూరు వచ్చేశాను. అన్న ఇంటి మేడ మీద గది. వదిన లాప్‌టాప్. ఇంటి కంప్యూటర్‌కు లైను దొరికింది.
ఇంజనీరు ఫోన్. అపార్ట్‌మెంట్ డ్రాయింగులు పదిహేనో తేదీ సోమవారానికి ఇవ్వాలి. లేకపోతే పని ఇంకొకరికి. పని పోతే నేను ఉదయగిరి బస్సు ఎక్కాల్సిందే.

సెప్టెంబరు 11
లైను తెగింది. ఉరుమే. కాసేపటికి వచ్చింది.

సెప్టెంబరు 12
శ్రీకాంత్ ఇంటికి వచ్చాడు. ఫోన్ చేసి తిట్టాడు. పని లేకుండా ఎన్ని దినాలుంటావు, నువ్వే వస్తావు అన్నాడు. అప్పుడు నేను మెట్లు గీస్తున్నాను, అతను కూర్చున్న గదిలోని కంప్యూటర్‌లోనే. చప్పుడు అక్కడ వినబడుతుందేమోనని మౌస్ మెల్లగా కదిపాను.
తర్వాత అత్త ఫోన్. కంప్యూటర్ ఫ్యాన్ చప్పుడు విని, ఆ గుర్రుమనేది ఏందని అడిగాడట. ఫ్రిజ్జురా, ముసలిదైపోయింది, నా మాదిరే మూలుగుతా ఉండాది అని చెప్పిందట.

సెప్టెంబరు 14, ఉదయం
సీతారామపురంలో ఆడబిడ్డకు జ్వరం. అత్త పోతుందట. శ్రీకాంత్ మళ్ళీ లోడుకు. ఇంట్లో ఎవరూ ఉండరు. పడమర మబ్బు పట్టింది. మెయిన్ తీయొద్దని చెబుదామని అత్తకు ఫోన్ చేశాను. శ్రీకాంత్ ఎత్తాడు. పెట్టేశాను. ఇంకా పై ఫ్లోర్ మిగిలింది.

సాయంత్రం
శ్రీకాంత్ మధ్యాహ్నం పోయాడు. అత్త ఇంటికి తాళం వేసి నాలుగున్నర బస్సుకు పోయిందట. చీకటి పడినా లైను తెగలేదు. ఆమె మెయిన్ తీయలేదు.