కుడిఎడమగా

అమ్మకు,

నీ పెద్దకూతురు నమస్కారం చేసి రాస్తున్నది. ఇక్కడ నా ఒంటికి ఏ లోటూ లేదు, కోపం ఒక్కటే దిగడం లేదు. నువ్వు వేళకు తింటున్నావనీ, తమ్ముడికి మళ్ళీ ఫిట్స్ రాలేదనీ అనుకుంటున్నాను. ఫోన్ చేస్తే వాడు పక్కనే చెవులు రిక్కించుకుని ఉంటాడు, అందుకే ఉత్తరం.

ముందు నీ ప్రశ్నలు. జలుబు తగ్గింది. వంటింటి కిటికీకి అద్దం వేయించాను. ఇక, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఏం చేస్తావే అని మళ్ళీ అడిగావు. తమ్ముడి తలకు తీగల టోపీ పెట్టి లోపలి కరెంటు కొలిచారు కదా. ఫిట్స్ తెచ్చే కరెంటు ఎక్కడ పుడుతోందో లెక్కగట్టి, స్కానింగులో తీసిన మెదడు బొమ్మ మీద చుక్క పెట్టేదే మా సాఫ్ట్‌వేర్. ఆ చుక్కను నమ్మి సర్జన్ కత్తి పెడతాడు.

కిందటి నెల ఉత్తరంలో సంబరంగా ఒక మాట రాశావు: "ఫిట్స్ వచ్చినప్పుడు వాడికి కొట్టుకునేది ఎడమ చెయ్యే, డాక్టరు చూపించిన చుక్కా ఎడమ పక్కే. లెక్క సరిపోయిందే అమ్మాయీ." సరిపోలేదు. ఎడమ చేతిని ఆడించేది కుడి మెదడమ్మా! చుక్క కుడి పక్కన ఉండాలి.

మర్నాడే నా కుడి కణత మీద ఒక చేపనూనె మాత్ర అంటించుకుని, తమ్ముడికి తీసిన రకం మిషన్‌లోనే నా తల స్కాన్ తీయించుకున్నాను. ఆ మాత్ర స్కానులో తెల్లగా పడుతుంది. మా సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఎడమ కణత మీద ఉంది! ఆ కొత్త మిషన్ బొమ్మల్ని మావాళ్ళ సాఫ్ట్‌వేర్ అద్దంలోలా తిప్పేస్తోంది. తల రెండు పక్కలా ఇంచుమించు ఒకటే కాబట్టి, తిరగేసినా తీగల టోపీ చక్కగా కూర్చుంటుంది. తప్పు పైకి తెలియదు.

పరిగెత్తి వెళ్ళి మా మేనేజరుకు చూపించాను. ఆయన్ని మేం సర్దుబాటు సారు అంటాం. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "టోపీకీ తలకీ రెండు మిల్లీమీటర్లే తేడా చూపిస్తోంది కదమ్మా. కుడిఎడమగా సరిపోయింది" అన్నాడు.

కుడిఎడమగానట! ఒళ్ళు మండిపోయింది. "సార్, మీ ఎడమ చెప్పు కుడి కాలికి వేసుకుని నాలుగడుగులు నడవండి. కుడిఎడమగా సరిపోతుందేమో చూద్దాం" అన్నాను.

"కొత్త వెర్షన్‌లో చూద్దాంలే. ఈలోగా బయట అనకు" అన్నాడు. ఈలోగా ఎందరి తలలు తెరుస్తారో ఆయనకు పట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతి. తమ్ముడి ఆపరేషన్ వాయిదా పడింది ఆసుపత్రివాళ్ళు చెప్పినట్టు థియేటర్ ఖాళీ లేక కాదు. నేనే సర్జన్‌కు ఫోన్ చేసి ఆపించాను. ముందు ఆయన నమ్మలేదు. "మీ రోగికి ఏ చెయ్యి కొట్టుకుంటుందండీ?" అని అడిగాను. కాయితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. చివరికి, "కంప్యూటర్ చూపించింది కదా అనుకున్నాం" అన్నాడు. పక్కన పడుకున్న పిల్లాడి చెయ్యి చూడకుండా తెర చూశారమ్మా! ఆ మిషన్‌లో తీయించుకున్న వాళ్ళందరివీ మళ్ళీ చూస్తామని మాటిచ్చాడు. ఇక్కడ ఆఫీసులో మాత్రం, బయట చెప్పానని నా గేటు పాస్ లాక్కున్నారు. వేరే పని వెతుక్కుంటాను, దానికి బెంగపడకు.

"థియేటర్ ఖాళీ లేదని ఆపరేషన్ ఆపించినవాడి నోరు పడిపోను" అని ఈసారి ఉత్తరంలో రాశావే, ఆ మనిషిని నేనే.

వాడికి మళ్ళీ స్కాన్ తీస్తారు. చేపనూనె మాత్ర ఒకటి పట్టుకెళ్ళు. వాడు రాసే చేతి వైపు కణత మీద నువ్వే అంటించు, వేరేవాళ్ళకు ఇవ్వకు. బొమ్మ వచ్చాక అది ఆ చేతి వైపే ఉందేమో వేలు పెట్టి చూపించమను. ఎవరైనా కుడిఎడమగా అన్నారో, నన్ను తిట్టిన తిట్టే వాళ్ళనూ తిట్టు.

ఇట్లు,
నీ తిట్టు తగిలినా నోరు పడిపోని
పెద్దకూతురు